మొప్ప ఎరుపు

మా నాయిన ధర్మసాగరం కట్ట మీద కూసోని
బొచ్చె మొప్పను బొటనవేలితోని లేపి
కొనెటోళ్లకు చూపెట్టెటోడు.
"ఎరుపు చూడు, పొద్దుగాల పట్టిన.
తెల్లగుంటే నా మొకాన కొట్టు."
మా ఇంటి చదువంతా గంతే.
ఎరుపుంటే పానం,
పాలిపోతే పారబొయ్యాలె.

ఇప్పుడు నేను హన్మకొండల
యూనివర్సిటీ కింది అంతస్తుల
వల లేని చేపలోణ్ణి.
మూడు వందల డబ్బాలు,
డబ్బాకు పదో పన్నెండో.
చిటికెన వేలంత సుత ఉండవు,
ఒంటి మీద కొత్త నోటుబుక్కు గీతలు.
జీబ్రా చేపలట. పులుసుకు పనికిరావు.
మా నాయినైతే నవ్వి, మళ్ల నీళ్లల్ల ఇడిచెటోడు.

ఎనిమిదింటికి నేను లైటేస్తేనే
వాటికి తెల్లారినట్టు.
రాత్రి ఆడమగల నడుమ పెట్టిన రేకు తీస్తే
అరగంటల గుడ్లు,
గసగసాలంత గాజుపూసలు.
సన్న గొట్టంతోని పీల్చి
స్వరూప బల్ల మీద పెట్టుడు నా పని.

ఈసం స్వరూప. తాడ్వాయి అవతలి గూడెం.
మాట తక్కువ, రాత ఎక్కువ.
ఓనాడు, గుడ్లు పెట్టిన మర్నాడు,
"మామా, ఒక్కసారి కన్ను పెట్టు" అన్నది.

పెట్టిన.
దాసుకునుడు తెలువని ఒళ్లు.
లోపట గుండె కొట్టుకుంటనే ఉన్నది,
ఉత్త నీళ్లనే తిప్పుతున్నట్టు.
అంతల ఒకటి.
ఒక్కటే గింజ.
ఆగింది, జారింది, మూల తిరిగింది,
ఎనుక రెండు, వాటెనుక మంద,
మత్తడి దుంకిన మొదటి దినం
ఎండిన కాల్వల నీళ్లు తొవ్వ దేవులాడినట్టు.
"ఇంకా ఎరుపెక్కలే,
రేపటికి ఎక్కుతది" అన్నది.

నలభై ఏండ్లు చేపలు కోసిన చేతులు నావి.
నెత్తురు పోవుడే ఎరుక.
వచ్చుడు చూసింది ఆ పొద్దే.

మనిషికి బొక్కల గుజ్జుల పుడతదట,
చేపకు మూత్రపిండంల.
పొయ్యి వేరు, వండే తీరు ఒకటేనట.
అందుకే దీని వంటల ఏం తప్పిందో
రుచి చూసుకుంట కూసుంటది ఆ పిల్ల.

మూలకున్న డబ్బాల పుట్టినవాటికి
ఎన్నడూ ఎరుపెక్కదు.
గుండె ఆడుతది, తిరిగేదానికి రంగుండదు.
అయినా నాలుగైదు దినాలు ఈదుతయి.
నెత్తురు మొయ్యలేని గాలిని
నీళ్లే తోలు లోపటికి పంపుతయట.
ఆ మాట మా నాయినకు చెప్పాల్నని
ఇంటికి పోయెదాక అనుకుంటనే పోయిన.
ఆయన పోయి పద్దెనిమిదేండ్లు.

మే నెల.
కరెంటు పోయి, ఇన్వర్టరు చేతులెత్తేసిన రాత్రి
నేనూ స్వరూప చెంబులు పట్టుకొని
ముంచుడు, ఎత్తిపోసుడు,
నీళ్లల్ల గాలి ఆడాల్నని, తెల్లారెదాక.
అప్పుడు చెప్పింది తమ్ముని సంగతి.
కొడవలి నెత్తురట.
నొప్పి లేస్తే మోకాళ్లు పొట్టకు ముడుచుకొని
గోడ దిక్కు తిరుగుతడట.
ఎంజీఎంల డాక్టరు
వాని కింది రెప్పను బొటనవేలితోని గుంజి చూసి
ఏదో రాసుకున్నడట.

బొటనవేలు.
చెంబు నా చేతిలనే ఆగింది.
కట్ట మీది ఎండ, తక్కెడ, ఈగలు,
"ఎరుపు చూడు" అనే గొంతు.

"నీళ్లు పొయ్యి మామా" అన్నది స్వరూప.
పోసిన.

పోయిన వారం వచ్చిండు వాడు, జంపన్న.
చెప్పులు బయట ఇడిచి,
తలకు నూనె పెట్టుకొని, అంగీ గుండీలన్నీ పెట్టుకొని.
పదమూడేండ్లట. తొమ్మిదేండ్ల ఎత్తు.
స్టూలెక్కి కన్ను పెట్టినోడు
చానసేపు తియ్యలే.
ఎరుపెక్కని చేపను చూస్తున్నడు.

"అక్కా, దీనికి నొప్పయితదా?"

స్వరూప పెన్ను మూత తీసింది, పెట్టింది,
మళ్ల తీసింది.
నేను పంపు చూసొస్తనని లేసిన.
పంపు మంచిగనే నడుస్తున్నది.